కార్ఖానా గుమ్మం తొక్కిన డాక్టరమ్మ

1919లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒక లేడీ డాక్టరుకి ఉద్యోగమిస్తూ మూడు షరతులు పెట్టింది. అధ్యాపకుల క్లబ్బులోకి ఆవిడ రాకూడదు. ఫుట్‌బాల్ ఆటలకి అధ్యాపకులకిచ్చే టిక్కెట్లలో వాటా అడక్కూడదు. పట్టాలిచ్చే రోజున మగ ప్రొఫెసర్లతో కలిసి ఊరేగింపులో నడవకూడదు, వాళ్ళ పక్కన వేదిక మీద కూర్చోకూడదు. లోకానికి పాఠాలు చెప్పే పెద్దమనుషులు కూర్చుని ఆలోచించి పెట్టిన షరతులివి! ఆవిడ కాదనలేదు. ఆ టిక్కెట్ల మీద ఆవిడకి మోజు ఉండి ఉంటుందని నేననుకోను. తనవంతుగా ఆవిడా ఒక షరతు పెట్టింది. ఏడాదిలో ఆరు నెలలే పాఠాలు చెబుతాను, మిగతా ఆరు నెలలూ నా పని నేను చూసుకుంటాను అని.

ఆ పని ఏమిటంటే, కార్ఖానాల వెంట తిరగడం. అక్కడి మనుషులు ఏం పీలుస్తున్నారో, ఏం ముట్టుకుంటున్నారో, ఏ జబ్బుతో మంచమెక్కుతున్నారో కనుక్కోవడం. అప్పటికి ఆవిడకి 50 ఏళ్ళు. హార్వర్డులో అప్పటిదాకా ఆడ అధ్యాపకురాలన్నదే లేదు. మరి ఈవిడనెందుకు పిలిచారంటారా? ఆ సబ్జెక్టు అంత బాగా తెలిసినవాళ్ళు దేశం మొత్తం వెతికినా మరొకరు దొరకలేదు గనక.

ఆవిడ పేరు ఆలిస్ హామిల్టన్. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ పేరు మన ఆడపిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మ చాలా ఆస్పత్రుల గోడల మీద ఉంటుంది. ఆలిస్ హామిల్టన్ పేరు మాత్రం మన దగ్గర పెద్దగా వినపడదు. అదే నాకు కష్టంగా ఉంటుంది. పనికి వెళ్ళిన మనిషి సాయంత్రం ఆరోగ్యంగా ఇంటికి రావాలన్నది ఒక హక్కు అని ఇవాళ మనం అనగలుగుతున్నామంటే, అందులో ఈవిడ కాళ్ళరిగేలా తిరిగిన తిరుగుడు చాలా ఉంది.

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్కులో పుట్టింది. పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్ళో. నలుగురు అక్కచెల్లెళ్ళలో రెండోది. వాళ్ళ తరవాత చాలా ఏళ్ళకి ఒక తమ్ముడు. పెద్దక్క ఎడిత్ తరవాతి రోజుల్లో గ్రీకు పురాణాల మీద పుస్తకాలు రాసి పెద్ద పేరు తెచ్చుకుంది. తాతగారి ఆవరణలో దగ్గర దగ్గరగా ఇళ్ళు, చుట్టూ తండ్రి వైపు దాయాదుల పిల్లలు, ఇంటి నిండా పుస్తకాలు. చిన్నప్పుడు బడికి పంపలేదు. తండ్రే లాటిన్ నేర్పాడు. 17 ఏళ్ళ వయసులో గాని బోర్డింగ్ స్కూలు మొహం చూడలేదు.

1885లో తండ్రి టోకు కిరాణా వ్యాపారం దెబ్బతింది. ఆడపిల్లలు తమ బతుకు తాము చూసుకోక తప్పని పరిస్థితి వచ్చింది. ఆలిస్ డాక్టరు చదువు ఎంచుకుంది. సైన్సు మీద వల్లమాలిన ప్రేమ ఉండి కాదు. డాక్టరైతే ఏ దేశమైనా, ఏ మురికివాడైనా వెళ్ళొచ్చు, ఎక్కడున్నా పనికొస్తాను అన్నది ఆవిడ లెక్క. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకుంది. ఆ తరవాత అక్క ఎడిత్‌తో కలిసి జర్మనీ వెళ్ళింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. నలుగురి కంటా పడకుండా ఒదిగి కూర్చునేటట్టయితే వినొచ్చన్నారు. అక్కాచెల్లెళ్ళు అలాగే కూర్చుని విన్నారు.

మురికివాడలో 22 ఏళ్ళు

1897లో షికాగోలో ఆడవాళ్ళ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఉద్యోగం కంటే ముఖ్యం, ఉండడానికి హల్ హౌస్‌లో చోటు దొరకడం. జేన్ ఆడమ్స్ అనే మహాతల్లి 1889లో మరో స్నేహితురాలితో కలిసి మొదలుపెట్టిన ఇల్లు అది. ఈవిడకి 1931లో నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. చదువుకున్న ఆడవాళ్ళు వచ్చి ఆ పేదపేటలోనే కాపురముండి, చుట్టుపక్కలవాళ్ళ కష్టసుఖాల్లో పాలుపంచుకునేవారు. పొట్ట చేత పట్టుకుని ఇటలీ, గ్రీసు, రష్యా, పోలండ్ లాంటి దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళతో కిక్కిరిసిన పేట. ఆలిస్ పగలు కాలేజీ, సాయంత్రం చంటిపిల్లల క్లినిక్. చలికాలంలో బిడ్డకి నీళ్ళు పోస్తే చచ్చిపోతుందని భయపడే తల్లులకి నచ్చజెప్పి, తనే కూర్చుని పిల్లలకి నీళ్ళు పోసేది. 1919 దాకా, అంటే 22 ఏళ్ళు, అదే ఆవిడ ఇల్లు.

1902లో షికాగోలో టైఫాయిడ్ వచ్చింది. హల్ హౌస్ పేటలో మరీ ఎక్కువ. ఆలిస్ పేటంతా తిరిగి, మూతల్లేని పాకీదొడ్ల మీద ముసురుతున్న ఈగల్ని పట్టుకుని పరీక్ష చేసింది. వాటిల్లో టైఫాయిడ్ క్రిములున్నాయని కాగితం చదివింది. పెద్ద పేరొచ్చింది. తీరా తరవాత తెలిసిందేమిటంటే, నీళ్ళ పంపింగ్ స్టేషన్ దగ్గర గొట్టం పగిలి మురుగు తాగే నీళ్ళలో కలిసిందట. ఆరోగ్య శాఖవాళ్ళు ఆ సంగతి తొక్కిపట్టారట. ఈగల సిద్ధాంతం ఆవిడ వెంట చాలా ఏళ్ళు పడింది. దాన్ని గురించి ఆవిడే తన జీవితకథలో దాచుకోకుండా రాసింది.

ఆ పేటలోనే ఆవిడ కళ్ళు మరో వైపు తెరుచుకున్నాయి. క్లినిక్కుకొచ్చే తల్లుల భర్తలు ఏదో ఒక విచిత్రమైన జబ్బుతో ఇంట్లో కూలబడి ఉండేవాళ్ళు. ఉక్కు కర్మాగారంలో విషవాయువు పీల్చినవాడొకడు. రంగులు వేసి వేసి చెయ్యి చచ్చుబడినవాడొకడు. ఇంత జరుగుతుంటే దేశంలో వైద్య పుస్తకాలు ఏం చెబుతున్నాయా అని చూస్తే, ఏమీ చెప్పడం లేదు! ఇంగ్లండులో, జర్మనీలో దీని మీద చట్టాలున్నాయి, ఇన్‌స్పెక్టర్లున్నారు. అమెరికాలో మాత్రం మా కార్ఖానాలు వేరు, మా పనివాళ్ళు వేరు, మాకా జబ్బులు లేవు అన్న ధీమా. 1910లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ సభకి ఆలిస్ వెళితే, అక్కడివాళ్ళు అడిగిన చిన్న చిన్న ప్రశ్నలకి కూడా అమెరికా దగ్గర లెక్కల్లేవు. సిగ్గుతో తల దించుకోవాల్సి వచ్చింది.

తొట్టెకి పూత వేసినవాడు

అదే 1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం వృత్తిజబ్బుల మీద సర్వే చేయించింది. ఆ బాధ్యత ఆలిస్‌కి అప్పగించారు. కొంతమంది కుర్ర డాక్టర్లు, విద్యార్థులు సాయం. ఆవిడ తనకోసం సీసం తీసుకుంది. అన్ని విషాల్లోకీ ఎక్కువమందిని పట్టి పీడిస్తున్నది అదే.

సీసం ఒక్కసారిగా చంపదు. ముందు మొహం పాలిపోతుంది, ఆకలి చస్తుంది. తరవాత మెలిపెట్టే కడుపు నొప్పి. చిగుళ్ళ మీద నల్లటి, నీలపు గీత. ఇంకా ముదిరితే మణికట్టు నిలబడక చెయ్యి వేలాడిపోతుంది. మరీ ముదిరితే మతి చలిస్తుంది. ఆడవాళ్ళలో అయితే గర్భాలు నిలవవు.

ఆలిస్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ముందు కార్ఖానాకి వెళ్ళలేదు. ఆస్పత్రి రికార్డులు తిరగేసింది. మందుల షాపులవాళ్ళని, పేటలో తిరిగే నర్సులని, యూనియన్ పెద్దలని అడిగింది. పేరు దొరికితే ఆ మనిషి ఇంటికే వెళ్ళేది. కార్ఖానాలో ఫోర్‌మన్ పక్కన నిలబడి ఉంటే పనివాడు నోరు విప్పడు. వంటింట్లో, పెళ్ళాం పక్కన ఉంటే విప్పుతాడు. అతను దాచినా ఆమె దాచదు. పక్కింటి ఆవిడ వచ్చి కూర్చుని మాట్లాడినట్టుండే డాక్టరుకి ఆ ఇళ్ళలో దొరికిన నిజాలు రికార్డుల్లో లేవు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్పత్రి కాగితాల్లో ఒక పోలండ్ దేశస్థుడు కనిపించాడు. చేతులు చచ్చుబడ్డాయి, కడుపు నొప్పి. వృత్తి స్నానాల తొట్లకి ఎనామెల్ పూత వెయ్యడం. ఆ పనిలో సీసం ఉంటుందని ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. తొట్లు తయారుచేసే కంపెనీకి వెళ్ళి అడిగింది. మా పూతలో సీసమే లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి అన్నారు మేనేజర్లు. వెళ్ళి చూసింది. నలుగురైదుగురు కూర్చుని తొట్లకి రంగు పూస్తున్నారు. ఆ రంగులో నిజంగానే సీసం లేదు. ఇంకొకరైతే అక్కడితో ఫైలు మూసేసేవారు. ఈవిడ తిన్నగా ఆ రోగి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. అప్పుడు తెలిసింది, ఆవిడకి చూపించింది చివర్లో మెరుగులు దిద్దే షెడ్డట! అసలు పూత వేసే చోటు ఊరికి మరో మూల ఉంది. అక్కడికి వెళ్ళింది. ఎర్రగా కాలిన ఇనప తొట్టె మీద మనిషి నిలబడి మెత్తటి ఎనామెల్ పొడి చల్లుతున్నాడు. పొడి కరిగి తొట్టె నిండా పరుచుకుంటోంది. కరగని పొడి గాల్లో మబ్బులా లేస్తోంది. వేడికి రొప్పుతూ ఆ గాలే పీలుస్తున్నాడు. ఆ పొడి నిండా సీసమే.

సర్వే ముగిసేసరికి సీసం తగిలే పనులు 70కి పైగా తేలాయి. రుజువైన కేసులు 578. అందులోనూ ఆవిడ మహా పట్టింపు మనిషి. అనుమానం కేసుల్ని లెక్కలోకి తీసుకునేది కాదు. 1911లో ఇల్లినాయ్ చట్టం చేసింది. ఇలాంటి విషాలతో పనిచేసేవాళ్ళని యజమాని ఖర్చుతో నెలకోసారి డాక్టరు చూడాలి, దుమ్మూ పొగా లేకుండా ఏర్పాట్లు చెయ్యాలి అని.

ఇక్కడ ఒక్క మాట. మా నాన్నగారు అక్షరాలు చేత్తో కూర్చే రోజుల్లో ఒక ప్రెస్సులో కంపోజిటరు. టైపు అంటే సీసం, ఆంటిమొనీ, తగరం కలిపి పోసిన పోత. సాయంత్రం ఆయన చేతులు బూడిదరంగులో ఉండేవి. సీసానికి విరుగుడని ప్రెస్సువాళ్ళు రోజూ ఒక బెల్లం ముక్క, రెండు అరటిపళ్ళు ఇచ్చేవారు. నాన్న పళ్ళు మా కోసం జేబులో పెట్టుకొచ్చేవారు, మేం ఎగబడి తినేవాళ్ళం. కేసుల్లో పేరుకున్న దుమ్ముని మాత్రం అక్కడ అందరూ నోటితో ఉఫ్ అని ఊదడమే. కిటికీ తెరిస్తే కాగితాలు ఎగురుతాయని మూసి ఉంచేవారట. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా అన్నం తిన్నాడు, వాడి ఖర్మ అనేవారు.

హామిల్టన్ జీవితమంతా పోట్లాడింది సరిగ్గా ఈ మాటతోనే. ఆ రోజుల్లో ఏ యజమానిని అడిగినా ఒకటే జవాబు. మావాళ్ళు గోళ్ళు శుభ్రం చేసుకోరు, తాగుతారు, అందుకే సీసం ఎక్కుతోంది అని. ఆవిడ చెప్పింది వేరు. చేతులు కడుక్కోవడం మంచిదే, కాదనను. కానీ గోళ్ళలోంచి పోయే సీసం కన్నా ఊపిరితో పోయే సీసం ఎక్కువ. గోళ్ళంటే పనివాడి చేతిలో ఉంది, పీల్చే గాలి వాడి చేతిలో లేదు. అది యజమాని చేతిలో ఉంది. పొడిని తడిపి వాడండి, యంత్రం మీద గూడు కట్టి దుమ్మును పైకి లాగేయండి, ఎండు చీపురుతో ఊడవకండి. ఇవీ ఆవిడ సలహాలు. కల్లాపి చల్లకుండా మట్టి వాకిలి ఊడిస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఆ మాత్రం జ్ఞానం కార్ఖానాల్లోకి రావడానికి ఒక డాక్టరమ్మ ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది.

1911 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆవిడకి దేశమంతా సీసం సర్వే అప్పగించింది. జీతం లేదు. రిపోర్టు పూర్తయ్యాక ప్రభుత్వం దాన్ని కొంటుంది, అంతే. ఇంకా విచిత్రం, ఏ కార్ఖానాలోకీ వెళ్ళే హక్కు ఆవిడకి చట్టం ఇవ్వలేదు. యజమాని దయతలచి రానిస్తేనే గుమ్మం దాటాలి. చక్కగా తయారై, మర్యాదగా మాట్లాడుతూ వచ్చిన ఈ పెద్దింటి ఆవిడని పొమ్మనడానికి వాళ్ళకి నోరాడేది కాదు. ఆడదాన్నవడం ఈ పనిలో తనకి కలిసొచ్చిందని ఆవిడే చెప్పుకుంది. ఉత్పత్తి సంగతి పక్కన పెట్టి మనిషి ఆరోగ్యం గురించి మగవాడు మాట్లాడితే వింతగా చూసేవాళ్ళు, ఆడది మాట్లాడితే సహజమే అనుకునేవాళ్ళట.

నేషనల్ లెడ్ కంపెనీలో ఎడ్వర్డ్ కార్నిష్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. తెల్ల సీసం, అంటే రంగుల్లో కలిపే పొడి, తయారుచేయడంలో అది పేరుమోసిన సంస్థ. మీ పనివాళ్ళకి విషమెక్కుతోంది అని ఆలిస్ మొహం మీదే చెప్పింది. ఆయన కోపగించుకుని, అలాంటిదేమీ లేదు, ఉంటే రుజువు చెయ్యండి, మీరు చెప్పినట్టు చేస్తాను అన్నాడు. ఆవిడ వెళ్ళి ఆస్పత్రుల చుట్టూ తిరిగి, ఆస్పత్రిలో చేరాల్సినంత ముదిరిన 22 కేసుల వివరాలు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. దుమ్ము లేచే చోటల్లా గూళ్ళు కట్టించాడు, డాక్టర్లని పెట్టాడు. అందరూ కార్నిష్‌లు కారు. కానీ యజమానులందరూ రాక్షసులని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. చాలామందికి నిజంగానే తెలియదు, తెలుసుకునే అవసరం వాళ్ళకి ఎవరూ కల్పించలేదు అన్నది ఆవిడ అభిప్రాయం. నాకైతే ఇంత ఓర్పు ఉండేది కాదు.

అగ్గిపుల్లల సంగతి కూడా ఆ కాలానిదే. తెల్ల భాస్వరంతో పనిచేసేవాళ్ళకి దవడ ఎముక కుళ్ళిపోయేది. అమెరికా 1912లో అలాంటి అగ్గిపుల్లల మీద భారీ పన్ను వేసి వాటిని రూపుమాపింది. మన దేశంలో తెల్ల భాస్వరం అగ్గిపెట్టెల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1913లో.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆవిడ మందుగుండు కార్ఖానాల మీద పడింది. అవి ఎక్కడున్నాయో కూడా రహస్యమే. పిక్రిక్ ఆసిడ్‌తో పనిచేసేవాళ్ళకి జుట్టు, మొహం, చేతులు పసుపు పచ్చగా మారిపోయేవి. దారిలో అలాంటి మనిషి కనిపిస్తే ఆగి అడిగేది. ఆకాశంలో నారింజరంగు పొగ కనిపిస్తే అటు నడిచేది. 1918 చలికాలంలో ఇండియానాలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి చెక్కేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గాలితో నడిచే సుత్తుల అదురుకి పొద్దున్నే వాళ్ళ వేళ్ళు తెల్లగా పాలిపోయి, గుచ్చినా తెలియనంత మొద్దుబారేవి. అది సుత్తి వల్లనే అని రాసింది. అరవై ఏళ్ళ తరవాత పరిశోధకులు అదే ఊరు వెళితే అవే తెల్లటి వేళ్ళు మళ్ళీ కనిపించాయి. 1919లో అరిజోనా రాగి గనుల్లోకి మగవాళ్ళ బట్టలు తొడుక్కుని నిచ్చెన దిగింది.

పెదవుల మధ్య కుంచె

ఆడవాళ్ళ పేజీలో ఈ ముచ్చట చెప్పకపోతే తప్పవుతుంది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్ళో గడియారాల ముఖాల మీద రేడియం కలిపిన రంగుతో అంకెలు దిద్దే కార్ఖానా ఉండేది. చీకట్లో అంకెలు మెరుస్తాయి. పనిచేసేది దాదాపు అంతా పడుచుపిల్లలు. కుంచె మొన సన్నగా రావడానికి పెదాల మధ్య పెట్టి తిప్పమని వాళ్ళకి నేర్పారు. అలా ప్రతి అంకెకీ కాస్త రేడియం కడుపులోకి. కొన్నేళ్ళకి పళ్ళు ఊడాయి, దవడలు కుళ్ళాయి, ఎముకలు విరిగాయి, కొందరు చనిపోయారు.

కంపెనీ హార్వర్డులోని డ్రింకర్ అనే శాస్త్రవేత్తని పిలిచి విచారణ చేయించుకుంది. రేడియమే కారణమని ఆయన తేల్చాడు. కంపెనీ ఆ రిపోర్టు బయటికి రాకుండా అడ్డుపడింది. పైగా పిల్లలంతా క్షేమంగా ఉన్నారని ఆయన తేల్చినట్టు రాష్ట్ర కార్మిక శాఖకి వేరే కాగితం పంపింది! వినియోగదారుల సంఘంలో పనిచేసే కాథరిన్ వైలీ ద్వారా ఈ సంగతి హామిల్టన్‌కి తెలిసింది. తన తోటి అధ్యాపకుడిని నలుగురిలో నిలదీయలేదు. ఆయన భార్యకి, ఆవిడా డాక్టరే, ఆ పరిశోధనలో పాలుపంచుకున్న మనిషే, ఒక ఉత్తరం రాసింది. మీ ఆయన పేరు వాడుకుని వాళ్ళిలా చేస్తున్నారు, మీకు తెలుసా అని. డ్రింకర్ భగ్గుమన్నాడు. కంపెనీ బెదిరింపుల్ని లెక్కచెయ్యక 1925లో రిపోర్టు అచ్చు వేయించాడు. తరవాత అయిదుగురు అమ్మాయిలు కోర్టుకెళ్ళారు. వాయిదాల మీద వాయిదాలు. వాళ్ళకేమో రోజులు దగ్గర పడుతున్నాయి. హామిల్టన్ ఆదుకోమని వాల్టర్ లిప్‌మన్ అనే పెద్ద సంపాదకుడిని కదిపింది. న్యూయార్కు పత్రికలో సంపాదకీయాలు వచ్చాయి, దేశం కళ్ళెర్రజేసింది. 1928లో కంపెనీ రాజీకొచ్చింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భరణం, వైద్యం ఖర్చులు. పోయే ప్రాణాలకి అది ఏమూలకి అనిపిస్తుంది గాని, కార్మికులు అలా ఎదురు నిలబడి సాధించుకోవడం అప్పట్లో సామాన్యం కాదు.

అన్ని యుద్ధాలూ గెలవలేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే అనే చోట, పెట్రోలులో కలిపే ఒక కొత్త సీసం రసాయనం తయారుచేస్తూ అయిదుగురు మతి చెడి కొట్టుకుంటూ చనిపోయారు. ఆ రసాయనమే తయారుచేసే మరో కార్ఖానాలో పనివాళ్ళు లేని పురుగుల్ని గాల్లో తోలుకునేవారట. తోటివాళ్ళు దానికి సీతాకోకచిలుకల ఇల్లు అని పేరు పెట్టారు. 1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వం సభ పెట్టింది. ఒకవైపు మోటారు కంపెనీలు, చమురు కంపెనీలు, వాళ్ళ శాస్త్రవేత్తలు. వాళ్ళ మధ్య లేచి నిలబడి వద్దన్న కొద్దిమందిలో హామిల్టన్ ఒకరు. కార్ఖానా అయితే నాలుగు గోడల మధ్య జాగ్రత్తలు పెట్టొచ్చు, దేశంలో ప్రతి వీధిలో, ప్రతి గరాజులో ఎవరు పెడతారు అన్నది ఆవిడ ప్రశ్న. దానికి జవాబు రాలేదు. మరుసటేడు కమిటీ, నిషేధించడానికి తగిన ఆధారం లేదంది. సీసం పెట్రోలు ప్రపంచమంతా పాకింది. మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపింది 2000లో. ఆఖరుగా ఆల్జీరియా 2021లో ఆపింది. ఆవిడ అడిగిన 96 ఏళ్ళకి!

హార్వర్డు ఆవిడకి ప్రమోషన్ ఇవ్వలేదు. చేరినప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసరు, 1935లో రిటైరయినప్పుడూ అసిస్టెంట్ ప్రొఫెసరే. ఈ మధ్యలో అమెరికాలో పారిశ్రామిక విషాల మీద పాఠ్యపుస్తకం రాసింది, నానాజాతి సమితి ఆరోగ్య కమిటీలో కూర్చుంది. ఆ వైద్య కళాశాల ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకున్నది 1945లో.

రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. దగ్గర దగ్గర 70 ఏళ్ళ వయసులో, 1937-38లో, కార్మిక శాఖ తరఫున రేయాన్ మిల్లుల మీద సర్వే చేయించింది. మన ఇళ్ళల్లో ఆర్ట్ సిల్కు అనుకుని మురిసిపోయిన చీరల దారం అదేనండీ. ఆ దారం తీసేటప్పుడు వాడే కార్బన్ డైసల్ఫైడ్ పీల్చి పనివాళ్ళు పిచ్చివాళ్ళయ్యేవారు, కాళ్ళు చచ్చుబడేవి. పిచ్చాస్పత్రిలో చేర్చి, వంశంలో ఉందేమో అని సరిపెట్టేవారు. ఆ సర్వే తరవాత కొలిచి చూసే పద్ధతులు, గాలి మార్చే ఏర్పాట్లు మొదలయ్యాయి.

ఆవిడతో నేను ఏకీభవించని చోటు కూడా ఉంది. ఆడవాళ్ళకి సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణని ఆవిడ చాలా ఏళ్ళు వ్యతిరేకించింది. ఆడ కార్మికుల్ని కాపాడే ప్రత్యేక చట్టాలు దాంతో ఎగిరిపోతాయని భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు, ఆవిడ చూసిన కార్ఖానాలు అలాంటివి. కానీ ఆడదానికి హాని చేసే సీసం మగవాడికి మాత్రం మేలు చేస్తుందా? రక్షణ అందరికీ అడగొచ్చు కదా అనిపిస్తుంది. 1952లో ఆవిడే మనసు మార్చుకుని సవరణని సమర్థించింది.

పెళ్ళి చేసుకోలేదు. కనెక్టికట్ రాష్ట్రంలో హాడ్‌లైమ్ అనే పల్లెలో నది ఒడ్డున ఉన్న పాత ఇంట్లో చెల్లెలు మార్గరెట్‌తో ఉండేది. 1943లో అచ్చయిన ఆవిడ జీవితకథకి బొమ్మలు గీసింది మరో చెల్లెలు నోరా. 94 ఏళ్ళ వయసులో, 1963లో, వియత్నాం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవమన్న విజ్ఞప్తి మీద సంతకం చేసింది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చినప్పుడు, తెలిసిన వెంటనే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బుల జాబితా ఒకటి చేర్చారు. అందులో మొట్టమొదటి పేరు సీసం విషం. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మాత్రం 2016లో ప్రకటించి, 2017 నవంబరు నుంచి అమలు చేశారు.

ఆలిస్ హామిల్టన్ 1970 సెప్టెంబరు 22న హాడ్‌లైమ్‌లో కన్నుమూసింది. 101 ఏళ్ళు. పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం కోసం అమెరికా మొత్తానికీ వర్తించే చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసింది అదే ఏడాది డిసెంబరు 29న. ఆ చట్టంతో ఇన్‌స్పెక్టరుకి కార్ఖానా గుమ్మం దాటే హక్కు వచ్చింది.